తెల్లచార పడని ప్రింటరు

జూన్ 3

చిరంజీవి బావమరిదికి,

ఇక్కడ నేనూ మీ అక్కా ఆరోగ్యంగా ఉన్నామని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను. ధైర్యంగా ఉన్నామని మాత్రం ధ్రువీకరించలేను.

విషయం: గృహావసరాల నిమిత్తం పాత ప్రింటరు స్థానే కొత్త ప్రింటరు ఎంపిక చేయుట, అందుకు నీ సలహా కోరుట.

కళ్ళజోళ్ళ దుకాణం నడిపేవాడివి, బిల్లులూ చీటీలూ ప్రింటు తీస్తూ ఉంటావు. నాకు తెలిసినవాళ్ళలో యంత్రాలంటే భయం లేనివాడివి నువ్వొక్కడివే. ఫోనులో అడగవచ్చు గానీ, మా పడకగది గోడకు అవతల మా ఆఫీసు గుమాస్తా కాపురం. అతను దగ్గితే మాకు వినిపిస్తుంది. నేను గుసగుసలాడితే అతనికి వినిపించదని నమ్మకం లేదు. అందుకే చేత్తో రాస్తున్నాను. చదివి చించెయ్యి.

మా డైరెక్టరుగారి మీద పై ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. పై ఆఫీసువారు రివాజు ప్రకారం దాన్ని ఎవరి మీద వచ్చిందో వారికే, తగు చర్య నిమిత్తం, పంపించారు. డైరెక్టరుగారు తగు చర్య తీసుకున్నారు. అది రాసినవాడెవడో కనిపెట్టమని నన్ను విచారణాధికారిగా నియమించారు.

ఉత్తరంలోని సంగతి నీకు తెలిసిందే. నువ్వు వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను. మేము పనిచేసే మూడో అంతస్తు నిండా పాత దస్త్రాలు, నేల నుంచి కప్పు దాకా. దానికి ముందు ఒక మెట్లదారి, వెనక ఒక తలుపు, ఆ తలుపు అవతల ఇనప మెట్లు. డైరెక్టరుగారు తమ విశ్రాంతి గదిని వెనక్కి జరిపించుకున్నప్పుడు ఆ తలుపుకు తాళం వేయించి, అడ్డంగా నాలుగు ఇనప బీరువాలు పెట్టించారు. ఇప్పుడు లోపలికీ బయటికీ ఒకటే దారి. ఫ్యాను వేస్తే గోడలోంచి కాలిన వాసన వస్తుంది కాబట్టి ఎండాకాలమంతా ఫ్యాను లేకుండానే విధులు నిర్వర్తించాం.

ఉత్తరం చివరి వాక్యం ఇది: "సదరు తలుపును తెరిపించవలసినదిగా ప్రార్థన, లోపల ఉన్నవి కాగితాలు మాత్రమే కావు." ఎంత పొందికగా ఉందో చూడు. అందుకే నా ప్రాథమిక నివేదికలో "ఇది దస్త్రాల విభాగంలో అనుభవం గడించిన చెయ్యి, భాష నిర్దుష్టం, వాదన క్రమబద్ధం" అని మెచ్చుకుంటూ రాశాను. డైరెక్టరుగారు ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశారు. దస్త్రాల విభాగంలో అనుభవం గడించిన చెయ్యి ఒక్కటే ఉంది. దానితోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ కాగితంలో ఎడమవైపు, పైనుంచి కిందికి, సన్నని తెల్లచార ఒకటుంది. ఆ చార మీద పడిన అక్షరాలన్నీ నిలువునా చీలిపోయాయి. అది ప్రింటరు దోషమని కనిపెట్టినవాణ్ణి నేనే. "ఆకాశరామన్న ఉత్తరంలోని తెల్లచార పరిశీలన నిమిత్తం ఉద్యోగులందరూ తమ ఇంటి ప్రింటరుతో తీసిన ఒక పేజీని నమూనాగా సమర్పించవలెను" అని ఉత్తర్వు తయారుచేసి సంతకం పెట్టించినవాణ్ణి కూడా నేనే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కరెంటు బిల్లు ప్రింటు తీశాను. ఎడమవైపు, పైనుంచి కిందికి, తెల్లచార.

ఆ ఉత్తరం నేను రాయలేదు. మా ఇంట్లో ఉండేది ఇద్దరం. మీ అక్కను అడగవచ్చు. అడిగితే అవునంటుందేమోనని అడగడం లేదు.

కనుక పాతదానితో ఏ విధమైన పోలికా లేని ప్రింటరు ఒకటి సూచించవలెను. నమూనాలకు గడువు ఇరవయ్యో తేదీ. మీ అక్కకు తెలియనివ్వకు.

ఇట్లు,
విచారణాధికారి హోదాలో ఉన్న నీ బావ

*

జూన్ 6

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం చదివి దుకాణంలోనే లేచి నిలబడ్డాను. కళ్ళకు చుక్కల మందు వేయించుకుని కూర్చున్న ముసలాయన "ఏమైందయ్యా?" అని అడిగితే "మా బావ మొనగాడండీ" అన్నాను. వివరాలు చెప్పలేదు, కంగారుపడకండి.

నాతో ఎందుకండీ దాపరికం? "సదరు", "వలసినదిగా", మధ్యలో ఆ కామా. నా పెళ్ళికి మీరు రాసిన శుభలేఖ కూడా అచ్చం ఇలాగే ఉంది. "వధువును స్వీకరించుటకు అంగీకరించియున్నందున" అని రాశారు. మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. రాశారు, మంచిపని చేశారు. మీ మీదే విచారణ వేయించుకున్నారు చూడండి, అక్కడ మాత్రం మీకు మీరే సాటి.

ఇక ప్రింటరు. రంగుల సిరా పోసేది కొనకండి. మీరు నెలకొక కాగితం తీస్తారు. వారం రోజులు వాడకపోతే లోపలి రంధ్రాలు ఎండి మూసుకుపోతాయి. అప్పుడు చారలే చారలు. మీకు పొడితో నడిచే నల్లరంగు లేజరు చాలు. నెలలు వదిలేసినా లేచి పనిచేస్తుంది. తీగ లేనిది అసలు వద్దు. మా పక్కగది పళ్ళ డాక్టరు అలాంటిది పెట్టుకున్నాడు. ఏం కలిపాడో ఏమో, ఆయన రాసే చీటీలు నా యంత్రంలో ప్రింటవుతున్నాయి. మొన్నొకావిడ అద్దాల కోసం వస్తే "కింది దవడ ఎడమవైపు పీకవలెను" అని కాగితం చేతికిచ్చాను. పాపం, ఏడ్చినంత పని చేసింది.

అసలు కొత్తదెందుకండీ? ఆ చార లోపలి డ్రమ్ము మీద గీత పడటం వల్ల వస్తుంది. డ్రమ్ము ఒక్కటి మార్పిస్తే పోతుంది.

మీ ధైర్యానికి నమస్కరిస్తూ,
బావమరిది

*

జూన్ 9

బావమరిదికి,

నీ ఉత్తరంలోని ప్రశంసలను యావత్తూ తిరస్కరిస్తున్నాను. నేను రాయలేదు. నాకు ధైర్యం లేదు. ఇరవై ఏళ్ళుగా నా సర్వీసు రిజిస్టరు ఏ మచ్చా లేకుండా ఉన్నది ఆ కారణం చేతనే.

డ్రమ్ము మార్పించడమంటే యంత్రాన్ని మరమ్మతు చేసేవాడి చేతికివ్వడం. రేపు అతన్ని పిలిచి అడిగితే? ఒక సాక్షిని నేనే తయారుచేసుకుని, రశీదు కూడా పుచ్చుకున్నట్టు అవుతుంది.

నిన్న ప్రింటర్ల దుకాణానికి వెళ్ళాను. ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోయేదాకా బయట నిలబడి, తర్వాత లోపలికి అడుగుపెట్టాను. అక్కడి కుర్రది చాలా మర్యాదస్థురాలు. అందువల్లే ఎక్కువ భయం వేసింది.

"నెలకెన్ని పేజీలు తీస్తారండీ?" అంది.

"ఏమీ తీయను" అన్నాను.

"మరి ప్రింటరెందుకండీ?"

"ఉండాలి కదమ్మా ఇంట్లో."

"పోనీ ఎలాంటివి తీస్తారు? ఫొటోలా, కాగితాలా?"

"ఫిర్యాదులు మాత్రం తీయను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అది నోట్లోంచి బయటికొచ్చాక ఇద్దరం దానివైపు చూస్తూ ఉండిపోయాం.

ఆ అమ్మాయి ఓర్పుగా ఒక యంత్రం చూపించి, "ఇది మీరు తీసిన పేజీలన్నీ గుర్తుపెట్టుకుంటుందండీ, కావాలంటే ఎప్పుడైనా మళ్ళీ తీసుకోవచ్చు" అంది. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను. దారిలో నీటిగుంటలో కాలేశాను. ఇంటికొచ్చేదాకా ఆ సంగతి తెలియలేదు.

దారిలోనే ఇంకొకటి గుర్తొచ్చింది. ఏప్రిల్లో నువ్వు మా ఇంటికొచ్చి, దుకాణం గోడకు తగిలించడానికి అక్షరాల పట్టికలు ప్రింటు తీసుకున్నావు. ఒక మధ్యాహ్నమంతా ఆ గదిలో తలుపేసుకుని కూర్చున్నావు. పెద్దక్షరం నుంచి చిన్నక్షరం దాకా ఒక పట్టిక తీయడానికి మధ్యాహ్నమంతా పట్టదు. ఇప్పుడేమో నన్ను పొగుడుతున్నావు. దస్త్రాల విభాగంలో మేము దీన్ని దృష్టి మళ్ళించుట అంటాం. నా భాషను అనుకరించి నువ్వే రాశావా? వ్రాతపూర్వకంగా సమాధానమివ్వు.

ఇట్లు,
నీ బావ

*

జూన్ 12

బావగారికి,

వ్రాతపూర్వకంగానే ఇస్తున్నాను. నేను రాయలేదు. ఆ మధ్యాహ్నం మీ గదిలో నిద్రపోయాను. అక్క పెట్టిన భోజనం అలాంటిది. "ప్రార్థన" అని రాయడం నాకు రాదు. నేను రాసి ఉంటే "ఏమయ్యా, మనుషులు చస్తే నువ్వు బతికిస్తావా?" అని ఉండేది.

నన్ను అనుమానించినందుకు ఒకరోజు అలిగాను. రెండోరోజు భయం పట్టుకుంది. నేను కాదు, మీరూ కాదంటే మిగిలిందెవరు? మనసు ఆగక అక్కకు ఫోను చేశాను. మీ పేరెత్తలేదు. మామూలుగా "అక్కా, మీ ప్రింటరెలా ఉంది?" అన్నాను, అంతే.

"నీకెవరు చెప్పార్రా?" అంది. "ఏం చెప్పారు?" అన్నాను. "ఏం లేదులే, పొయ్యి మీద పాలున్నాయి" అని పెట్టేసింది. ఆ వేళప్పుడు పాలెక్కడివి బావగారూ? మా నాన్న మంచాన పడ్డ రోజుల్లో కూడా అక్క నా దగ్గర ఏదీ దాచలేదు.

పని చేసింది అక్కే. మీరు రోజూ ఇంటికొచ్చి ఆ తలుపు గురించి చెబుతుంటే వినీ వినీ, మీ మాటల్లోనే రాసేసింది. ఏమీ అనకండి. ముందు ఆ ప్రింటరును ఇంట్లోంచి కదిలించండి.

కంగారులో పక్కింటావిడకు దూరపు అద్దాలకు బదులు దగ్గరి అద్దాలిచ్చి పంపాను. ఆవిడ బస్సెక్కి ఎటు వెళ్ళిందో తెలియదు.

బావమరిది

*

జూన్ 15

బావమరిదికి,

నీ ఉత్తరం అందిన సాయంత్రం ప్రింటరును కదిలిద్దామని గదిలోకి వెళ్ళాను. లేదు. వెతికితే స్నానాల గదిలో కనిపించింది. నీళ్ళు నింపిన తొట్టిలో, పై మూత దాకా మునిగి ఉంది. మీ అక్క పక్కనే పీట వేసుకుని కూర్చుని దాన్ని బట్టల బ్రష్షుతో తోముతోంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"దుమ్ము పట్టిందండీ. కడుగుతున్నాను" అంది.

నేను "మంచిపని" అని బయటికొచ్చాను. సాక్ష్యాన్ని నాశనం చేయుట అనే నేరం కళ్ళెదుట జరుగుతూ ఉండగా విచారణాధికారి పలికిన మాట అది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు.

మర్నాడు, అంటే నిన్న, ఆఫీసులో గోడ పొగ కక్కింది. ప్లగ్గు దగ్గర మొదలై నా బల్ల వెనక దస్త్రాల వరకూ వచ్చింది. ఎవరో "మంటలు" అన్నారు. అందరం ఒక్కసారిగా ముందు మెట్లవైపు పడ్డాం. ఆ మెట్లు ఇద్దరు పక్కపక్కన దిగడానికి సరిపోవు. టైపిస్టు అమ్మాయి కిందపడితే ఆమె చెయ్యి మీదుగా నడిచారు. నడిచినవాళ్ళలో నేను లేనని చెప్పలేను, కింద చూడలేదు. వాచ్‌మన్ మెయిను ఆపి ఇసుక చల్లాడు కాబట్టి సరిపోయింది. ఆ అమ్మాయి మణికట్టు విరిగింది.

డైరెక్టరుగారు ఆ సమయంలో లేరు. వచ్చాక వెంటనే సర్క్యులరు జారీ చేశారు. "ఇకమీదట పొగ సంభవించినచో ఉద్యోగులు తొక్కిసలాటకు పాల్పడక, సీనియారిటీ క్రమంలో దిగవలెను." జాబితాలో నేను రెండోవాణ్ణి. చూడగానే సంతోషం వేసింది. ఆ తర్వాత, అలా సంతోషించినవాణ్ణి తల్చుకుంటే, పొగ కన్నా ఎక్కువ భయం వేసింది.

ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే మీ అక్క దాన్ని వాసన చూసి, అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. అప్పుడు అడిగాను.

"ఆ ఉత్తరం నువ్వే రాశావు కదూ?"

"నేనా? మీరు రాయలేదా?"

"నేను రాయలేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను నిజమే చెబుతున్నానని ఆవిడకు అర్థమైంది. అలా అర్థం కాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"మీరు రాశారనుకుని భయపడి చస్తున్నాను. మీ సంచీలో ఆ ఉత్తర్వు చదివాను, ఆ చారే మీ కరెంటు బిల్లు మీద చూశాను, అందుకే నీళ్ళల్లో పడేశాను. భయపడుతూనే కాస్త గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు భయం ఒక్కటే మిగిలింది."

"పోనీ నువ్వు రాయలేదు కదా, అది చాలు" అన్నాను.

"నేను రాయలేదు. రాసి ఉండాల్సింది" అంది.

ఈ సంభాషణ మీద నా అభిప్రాయం నమోదు చేయడం లేదు.

నీ బావ

*

జూన్ 17

బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తొక్కిసలాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాను.

మొదట్లో మిమ్మల్ని మొనగాడన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. నాకు మొనగాడు వద్దు, బావ కావాలి. చెప్పినట్టు వినండి. తీగతో నడిచే నల్ల లేజరు, వీలైనంత మామూలుది కొనండి. ఏదీ గుర్తుపెట్టుకోనిది కావాలని అడగండి, తప్పులేదు, చాలామంది అడుగుతారు. ఒక పేజీ తీసి ఇచ్చేయండి. విచారణ మీద "రాసినవారి ఆచూకీ తెలియలేదు" అని రాసి ఫైలు మూసేయండి. నిజం కూడా అదే కదా. తర్వాత సెలవు పెట్టి అక్కను తీసుకుని ఇక్కడికి రండి. మా దుకాణానికి రెండు తలుపులున్నాయి.

అక్క అన్న మాట పట్టించుకోకండి. చిన్నపిల్లగా ఉన్నప్పుడూ అంతే, తను చెయ్యలేనిది ఎదుటివాడు చేస్తే బాగుండునని అనుకునేది. చివరకు తనే చేసేది, అది వేరే సంగతి. అదే నాకు భయం. మీరు మూసేస్తే ఆవిడ రాస్తుందేమోనని.

ఇంతకీ ఆ పాడు ప్రింటరు ఎక్కడ కొన్నారు మీరు?

బావమరిది

*

జూన్ 22

చిరంజీవి బావమరిదికి,

నీ చివరి ప్రశ్నకు జవాబు: ఉద్యోగుల సంఘం ద్వారా. పోయిన ఏడాది సంఘంవారు టోకున తెప్పించి అందరికీ ఇప్పించారు. ఈ సంగతి ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం గానీ నా బుర్రకు ఎక్కలేదు. అంతవరకూ భయం ఆ చోటంతా ఆక్రమించుకుని ఉంది.

పంతొమ్మిదిన దుకాణానికి వెళ్ళాను. అదే అమ్మాయి. నన్ను చూసి ఏమీ అడగకుండా ఒక పెట్టె బల్లమీద పెట్టి, "నల్లది, తీగది, ఏదీ గుర్తుపెట్టుకోదు. ఇదే ఆఖరిదండీ. ఈ వారం ఎందుకో అందరూ ఇదే అడుగుతున్నారు" అంది.

మర్నాడు నమూనాలు సమర్పించారు. నా బల్ల ముందు వరుసగా నిలబడి ఒక్కొక్కరూ ఒక్కో పేజీ ఇచ్చారు. ఒక్కదానిమీదా చార లేదు. అన్నీ నల్లగా, నిగనిగలాడుతూ, ఒకే యంత్రం కన్న పిల్లల్లా ఉన్నాయి. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. నేనూ చూడలేదు. మా గోడ అవతలి గుమాస్తా చివర్లో వచ్చి వంగి, "సార్, మా పాతది చెరువులో పడేశాను. మా అబ్బాయే రాశాడేమోనని. వాణ్ణి ఏం చెయ్యకండి" అన్నాడు. "ఎందుకనుకున్నారు?" అంటే, "చార ఉంది కదండీ" అన్నాడు. "రోజూ ఇంట్లో ఆ తలుపు సంగతే చెబుతాను మరి" అని కూడా అన్నాడు.

అతను వెళ్ళాక లెక్కల గుమాస్తా వచ్చాడు. భార్య మీద అనుమానమట. విరిగిన చెయ్యి మెడకు కట్టుకున్న టైపిస్టు అమ్మాయికి వాళ్ళ నాన్న మీద. ఏడాది తిరిగేసరికి ఆ ప్రింటర్లన్నిటికీ అదే చార వచ్చింది. మా ఆఫీసులో ప్రతి ఇంటివాళ్ళూ ఆ ఉత్తరం తమ ఇంట్లోనే పుట్టిందనుకున్నారు. రాసిన ఒక్కరు ఎవరో ఇప్పటికీ తెలియదు. రాయనివాళ్ళందరం యంత్రాలు మార్చుకున్నాం.

ఆ కాగితాల కట్ట ముందు చాలాసేపు కూర్చున్నాను. నువ్వు చెప్పిన వాక్యమే మొదలుపెట్టాను. "రాసినవారి ఆచూకీ తెలియలేదు" వరకూ వచ్చింది. తర్వాత చెయ్యి ఆగింది. "సదరు ఉత్తరంలోని విషయం వాస్తవము. తలుపు తెరిపించవలెను" అని రాసి, కింద సంతకం పెట్టి, పేరూ హోదా పూర్తిగా రాశాను. మొదటిసారి నా పేరు ఇంకెవరిదో లాగా వచ్చింది. చదవడానికి వీలుగా మళ్ళీ రాశాను. నకలు ఒకటి పై ఆఫీసుకు పోస్టు చేసి, అసలుది డైరెక్టరుగారికి పట్టుకెళ్ళాను.

ఆయన చదివి, "ఇదెవరు రాశారు?" అన్నారు.

"నేనేనండీ. కింద ఉంది."

"అది కనిపిస్తోందయ్యా. నకలెక్కడికైనా పంపావా?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "పేరు లేనిదైతే విచారణ వేస్తాం. పేరున్నదానికి జవాబివ్వాలి. ఏమిటయ్యా ఈ ఇబ్బంది?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఆయనా భయపడ్డారని అప్పుడు తెలిసింది. అది తెలిస్తే నా భయం తగ్గాలి. తగ్గలేదు.

ఇవాళ పొద్దున ఇద్దరు హమాలీలు వచ్చారు. నా బల్ల దగ్గర ఆగితే నా సామాను తీయడానికే అనుకుని సొరుగు తాళం చేతిలోకి తీసుకున్నాను. "బీరువాలెక్కడండీ?" అన్నారు. చూపించాను. వాటిని లాగుతుంటే అందరూ కుర్చీల్లోంచి లేచారు గానీ ఎవరూ దగ్గరికి రాలేదు. తాళం తుప్పుపట్టింది, పగలగొట్టారు. తలుపు తెరుచుకుంది. అదే సమయానికి ప్యూను వచ్చి డైరెక్టరుగారు పంపిన సీలు కవరు ఒకటి నా చేతిలో పెట్టాడు. బదిలీయో, సస్పెన్షనో, ఇంకేమైనానో.

ఇంకా విప్పలేదు. దాన్ని చేత్తో పట్టుకునే ఇనప మెట్లు కిందిదాకా దిగాను. ప్రతి మెట్టూ కాలితో నొక్కి చూశాను. ఒకటి కాస్త ఊగుతోంది, మిగతావి గట్టిగానే ఉన్నాయి. మళ్ళీ పైకొచ్చి, తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డవాళ్ళతో ఆ ఊగే మెట్టు ఏదో చెప్పాను. టైపిస్టు అమ్మాయిని ముందు దిగమన్నాను.

ఇట్లు,
నీ బావ